తడి మీద చూసిన రంగు

గాజెంగి అంబదాసుకు మూత్రం ఎర్రగా పడటం మొదలైన రెండు నెలల దాకా అది రక్తమని తోచలేదు. ఇంకెవరైనా అయితే మొదటి రోజే హడలిపోయేవారు. అంబదాసు సూరత్‌లో ఒక డైయింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్లుగా కలర్ మాస్టరు. పొడి రంగులు తూచి, వేణ్నీళ్లలో కలిపి, సరుకు కొనే పార్టీ పంపిన గుడ్డముక్కకు సరిగ్గా సరిపోయే రంగు తీయడం ఆయన పని. ఆ పొడి గాలిలో ఎగురుతుంది. సాయంత్రం ముక్కు చీదితే ఆ రోజు ఏ రంగు కలిపాడో రుమాలు చెప్పేది. ఆయన తల పెట్టే దిండు ఒక వారం ఆకుపచ్చగా, ఒక వారం ఊదాగా ఉండేది. ఒంట్లోకి పోయిన రంగు ఏదో ఒక దారిన బయటికి రాక తప్పదని మిల్లులో అందరి నమ్మకం. ముదురు గులాబీ కలిపిన రోజు మూత్రంలో ఆ ఛాయ కనిపించిందని ఒకరినొకరు ఆట పట్టించుకునేవాళ్లు.

1996 ఫిబ్రవరి పెళ్లిళ్ల సీజను. మిల్లు నిండా ఎరుపులే. అంబదాసు పట్టించుకోలేదు. మార్చి ఆఖరున స్కూలు యూనిఫారాల ఆర్డరు వచ్చి, వారమంతా నేవీ బ్లూ కలిపాడు. ఆ వారం కూడా ఎర్రగానే పడింది. మిల్లు వెనక మరుగుదొడ్డిలో ఆయన చాలాసేపు నిలబడిపోయాడు. రంగుల సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. నీలం కలిపినవాడికి ఎరుపు రాదు. ఇది మిల్లు రంగు కాదు.

నలభై తొమ్మిదేళ్ల మనిషి. సిరిసిల్ల దగ్గరి పద్మశాలి కుటుంబం. సూరత్‌లోనే పర్వత్ పాటియాలో, ఎనిమిది ఇళ్ల లైనులో ఒక రేకుల ఇల్లు. భార్య భాగీరథి మార్కెట్లో చీరలు మడత పెట్టే పనికి పోతుంది. ఒక్క కూతురు నవత పెళ్లయి భివండిలో ఉంది. రెండేళ్ల కిందట ప్లేగు వచ్చినప్పుడు సగం సూరత్ రైళ్ల పైకప్పులెక్కి పారిపోయింది. అంబదాసు పోలేదు. డ్రమ్ములో రంగు నానబెట్టి ఉంది, ఎవరు చూస్తారని ఉండిపోయాడు. లైనులో వాళ్లు ఆయన్ని మొండివాడంటారు. ఆ మొండివాడే ఇప్పుడు మూత్రానికి పోవడం వాయిదా వేసుకుంటున్నాడు.

ఆస్పత్రిలో గొట్టం వేసి చూసి, చిక్కుడుగింజంత గడ్డ తీశారు. రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది. గడ్డ చిన్నదే కానీ మూత్రాశయం లోపలి గోడ మీద అక్కడక్కడా ఎర్రటి పొక్కుల్లా జబ్బు పాకి ఉందని సర్జన్ చెప్పాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

"ముందు ఆరు వారాలు ఒక మందు పెట్టి చూద్దాం. తగ్గకపోతే మూత్రాశయం మొత్తం తీసెయ్యాలి. పొట్ట మీద కుడివైపు ఒక రంధ్రం చేసి, దానికి సంచి అంటిస్తాం. మూత్రం అందులో పడుతుంది."

"ఎన్ని రోజులు సార్?"

"జీవితాంతం," అన్నాడు సర్జన్, పెన్ను జేబులో పెట్టుకుంటూ.

క్యాన్సరన్న మాట కన్నా సంచి అన్న మాటే అంబదాసుతో ఇంటికి వచ్చింది. బస్సులో కూర్చుని షర్టు కింద కుడివైపు తడుముకుని చూసుకున్నాడు. ఏటా శ్రావణ పున్నమికి, నూలు పున్నమికి, మార్కండేయ గుడిలో కులంవాళ్లంతా కొత్త జంధ్యాలు వేసుకుంటారు. ఆ నూలును పసుపులో ముంచి తీసేది అంబదాసే. పద్దెనిమిదేళ్లుగా ఆ పని ఇంకొకరు చేయలేదు. ఆయన చేయి పడితే పసుపు సమంగా పడుతుందని పేరు. మూత్రపు సంచి నడుముకు వేలాడేవాడు గుడిలో కూర్చుని జంధ్యాలకు పసుపు పెడతాడా? పెడితే ఎవరు వేసుకుంటారు? ఈ మాట ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

ఆ ఆరు వారాల మందు పేరు విన్నప్పుడు ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరలేదు. అది పసిపిల్లలకు క్షయ రాకుండా భుజానికి వేసే బీసీజీ. దాన్నే నీళ్లలో కలిపి, సన్న గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కించారు. పొద్దుటి నుంచి నీళ్లు ముట్టకూడదు. మందు ఎక్కాక రెండు గంటలు ఆపుకోవాలి. పావుగంట వెల్లకిలా, పావుగంట ఎడమకు, పావుగంట బోర్లా, పావుగంట కుడికి దొర్లుతూ ఉండాలి, గోడంతా తడవడానికి. ఆ తర్వాత ఆరు గంటలపాటు మూత్రానికి పోయినప్పుడల్లా దొడ్డిలో బ్లీచింగ్ పౌడరు చల్లి పావుగంట ఆగి నీళ్లు పోయాలి. ఎనిమిది ఇళ్లకు రెండు దొడ్లు. బయట డబ్బా పట్టుకుని నిలబడ్డవాళ్లు లోపలి మనిషిని తిట్టుకునేవారు.

"ఆ వాసనకు మల్ల ప్లేగొచ్చి మున్సిపాలిటోళ్లు దిగిన్రేమొ అనుకుంటున్రు," అంది భాగీరథి. "ఎంతమందికని చెప్పాలె?"

"ఏం జెప్పకు."

భాగీరథి తమ్ముడు కనకయ్య అదే లైనులో ఉంటాడు. మరమగ్గాల మీద పని. నోరు ఊరుకోదు. "టీబీ సూది భుజానికిస్తరు గని బావా, గాడ ఇస్తరని నేనెన్నడు ఇనలే," అన్నాడు.

"నవ్వకురా."

"నవ్వుతలేను. గుళ్లె అడిగితె ఏమని జెప్పాలె అంటున్న. బావకు కింద టీబీ అయిందంటె నమ్ముతరా?"

భాగీరథి చేతిలో ఉన్న చీపురు విసిరింది. కనకయ్య తప్పుకున్నాడు. అంబదాసు కూడా నవ్వాడు కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆరు వారాలూ ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా చేశాడు. గోడ గడియారం చూస్తూ దొర్లేవాడు. మంటకు పళ్లు బిగబట్టి, రెండు గంటలంటే రెండుంపావు ఆపుకునేవాడు. జూన్ చివర మళ్లీ గొట్టం వేసి చూశారు. లోపల ఇంకా ఎర్రగానే ఉంది. ముక్క తీసి పంపితే రిపోర్టు తేల్చలేదు. మందు వల్ల వచ్చిన వాపైనా కావచ్చు, జబ్బైనా కావచ్చని రాశారు. సర్జన్ ఆగదలచుకోలేదు. ఈ జబ్బు గోడ దాటి కండలోకి దిగితే ఆ తర్వాత తీసినా లాభం ఉండదన్నాడు. జూలైలో తేదీ ఇచ్చాడు.

ఆ తేదీని ఆపింది అదే ఆస్పత్రి కింది అంతస్తులో గామా కెమెరా విభాగం చూసే డాక్టర్ మీనల్ వశీ. సూరత్ మనిషే. నలభై ఏళ్లుంటాయి. చదివి వచ్చింది బొంబాయిలో. అంబదాసును కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. ఆమె పక్కన టెక్నీషియన్ రామలింగేశ్వరరావు నిలబడి ఉన్నాడు. రైల్వే ఉద్యోగి కొడుకు, తెలుగువాడే, ఏలూరు వైపు మాట.

"మేం పెట్టిన సూక్ష్మజీవులు గడ్డను చంపవు," అంది డాక్టరు. "అవి లోపల గొడవ పెడతాయి. గొడవ విని ఒంట్లో ఉన్న తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి. వచ్చినవి సూక్ష్మజీవులతో పాటు జబ్బునూ కొడతాయి. మీ విషయంలో అవి వచ్చాయా లేదా అన్నది ప్రశ్న. వస్తే మందు పనిచేస్తున్నట్టు. ఇంకో ఆరు వారాలు పెట్టమని సర్జన్‌ని అడుగుతాను. రాకపోతే ఆయన చెప్పిందే సరి."

"అది తెలిసేదెట్ల? మల్ల కోస్తరా?"

"కోత లేదు. మీ రక్తం కొంచెం తీసి, తెల్లకణాల్ని వేరు చేసి, వాటికి కొద్దిగా రేడియో పదార్థం అంటించి, తిరిగి మీ నరంలోకే ఎక్కిస్తాం. అవి ఎక్కడికి పోతే అక్కడ మెరుస్తాయి. బయటి నుంచి కెమెరాతో చూస్తాం. చీము ఎక్కడుందో వెతకడానికి ఈ పద్ధతి వాడుతూనే ఉన్నాం. మీ జబ్బుకు వాడటం మాత్రం నాకు ఇదే మొదలు. ఖాయంగా తేలుతుందని చెప్పలేను."

అంబదాసు రామలింగేశ్వరరావు వైపు తిరిగాడు. "అంటె రంగేసి ఇడుస్తరన్నట్టు."

"అంతే అనుకోండి," అన్నాడు రావు.

రంగు అనగానే అంబదాసుకు ధైర్యం వచ్చింది. నాలుగు నెలల్లో తనకు తెలిసిన పని ఒక్కటి ఈ ఆస్పత్రిలో ఎదురైంది.

పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికి రక్తం తీశారు. బొంబాయి నుంచి వచ్చిన పదార్థం సీసపు డబ్బాలో ఉంది. ఆరు గంటలకు దాని బలం సగం అయిపోతుందని, అందుకే తొందరని రావు చెప్పాడు. రంగు అంటించడానికి రెండు గంటలు పట్టింది. పదిన్నరకు ఆ కణాల్ని చేతి నరంలోకి ఎక్కించారు. ఫోటో మధ్యాహ్నం రెండున్నరకు.

రావు ఒక స్టీలు జగ్గు నిండా నీళ్లు తెచ్చిపెట్టాడు. "చూడండి అంబదాసు గారూ, ఇది మొత్తం తాగాలి. అయిపోతే ఇంకోటిస్తాను. అరగంటకోసారి బాత్రూముకి వెళ్లొస్తూ ఉండండి. ఫోటోకి ముందు తప్పకుండా వెళ్లాలి. మొహమాటం ఏమీ లేదు."

"అట్లనే సార్."

మాట స్పష్టంగానే వినిపించింది, అర్థమైంది కూడా. అయినా జగ్గు ముందు పెట్టుకుని అంబదాసు ఆలోచించాడు. ప్రింటు వేసిన గుడ్డను ఆవిరి పెట్టెలో పెట్టి రంగు కట్టిస్తారు. అది కట్టకముందు గుడ్డ మీద నీటి చుక్క పడితే ఆ థాను పాడైనట్టే. ఇరవై ఆరేళ్లలో ఈ ఒక్క తప్పుకు ఆయన పదిమందిని పనిలోంచి తీయించాడు. ఇక్కడేమో రంగు ఎక్కించి గంట కాకముందే నీళ్లు తాగి కడిగేయమంటున్నారు. పై అంతస్తులో ఆరు వారాలపాటు నీళ్లు ముట్టొద్దు, ఆపుకో అన్నారు. కింది అంతస్తులో ఇది. రావు మంచివాడే కానీ గుమాస్తా తరహా మనిషి. ఎవరికో చెప్పాల్సింది తనకు చెప్పి ఉంటాడు. రంగు కారిపోతే ఫోటోలో ఏమీ కనపడదు. కనపడకపోతే సంచి.

జగ్గు పట్టుకుని బాత్రూముకు పోయి, నీళ్లు తొట్టిలో వంచేశాడు. ఒక నిమిషం లోపల నిలబడి కొళాయి తిప్పి వచ్చాడు. అలా ఆరుసార్లు పోయొచ్చాడు. ఒక్కసారీ మూత్రం పోయలేదు. ఒంటిగంటకు పొత్తికడుపు రాయిలా అయింది. రెండింటికి చెమటలు పట్టాయి. మందు రోజుల అలవాటు ఉంది కాబట్టి తట్టుకున్నాడు.

"వెళ్లొచ్చారా?" అన్నాడు రావు బల్ల ఎక్కిస్తూ.

"పోయొచ్చిన."

కెమెరా రోటి పొత్రమంత గుండ్రంగా, పొట్ట మీదికి దిగి ఆగింది. ఇరవై నిమిషాలు కదలొద్దన్నారు. కదిలితే ఏమవుతుందో అంబదాసుకు మాత్రమే తెలుసు. దవడలు బిగించి పైకప్పు మీది ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. అవి మూడే. మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు.

ఫిల్మును వెలుగు పెట్టెకు తగిలించి డాక్టర్ వశీ దగ్గరికి వంగి చూసింది. పైన కాలేయం, ప్లీహం నల్లగా ఉన్నాయి. కణాలు అక్కడికి పోవడం మామూలేనట. కింద, మూత్రాశయం ఉండే చోట, సిరాబుడ్డి ఒలికినట్టు చిక్కటి మచ్చ.

"ఇంత వస్తుందనుకోలేదు," అంది. తర్వాత రావును అడిగింది. "ఫోటోకి ముందు వెళ్లాడు కదా?"

"వెళ్లారు మేడం. నేను చూశాను."

"మీరు చెప్పండి. వెళ్లారా?"

"పోయిన మేడం," అన్నాడు అంబదాసు.

ఆమె ఇంకోసారి అడగవలసింది. అడగలేదు. సర్జన్‌తో మూడు వారాలుగా వాదిస్తోంది. ఆ మచ్చ ఆమెకూ కావాలి. అదే సాయంత్రం ఆపరేషన్ తేదీ కొట్టేశారు. మందు రెండో విడత ఆగస్టు మొదటి సోమవారం నుంచి అన్నారు.

అంబదాసు మెట్ల కింది బాత్రూముకు పరుగెత్తాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు పడింది, ఆగి ఆగి. చివరి చుక్క పడ్డాక ఒళ్లు తేలికైంది. ఆ వెంటనే అనుమానం వచ్చింది. తను ఇప్పుడు వదిలిన నీళ్లలో మెరిసేది ఎంత ఉంది? ఫోటోలో ఉన్నది గోడకు పట్టిన రంగా, లోపల నిలిచిన నీళ్లా?

ఇంటి దగ్గర భాగీరథి మార్కండేయుడికి కొబ్బరికాయ కొట్టింది. కనకయ్య జిలేబీ తెచ్చాడు. "చూసినవా బావా, మన రక్తం పద్మశాలి రక్తం. రంగు బాగ పట్టుకుంటది," అని లైనంతా చెప్పుకొచ్చాడు. అంబదాసు జిలేబీ సగం తిని పక్కన పెట్టాడు.

పది రోజులు అలా గడిచాయి. పనికి పోయాడు, వచ్చాడు. నోరు తెరిస్తే సంచి వస్తుంది. తెరవకపోతే లోపల ఏం జరుగుతోందో తెలియదు. మూత్రం ఒక రోజు మామూలుగా, ఒక రోజు లేత గులాబీగా పడేది. ప్రతిసారీ కళ్లు మూసుకుని పోసి, తర్వాత కళ్లు తెరిచేవాడు. పొట్టలో ఒక గోడ, ఆ గోడను లోపలి నుంచి ఏదో కొరుకుతోంది. సర్జన్ గీసిన బొమ్మలో ఆ గోడ పెన్సిలు గీత మందం కూడా లేదు.

పదకొండో రోజు మిల్లులో సూపర్‌వైజర్ ముదురు ఆకుపచ్చ గుడ్డముక్క తడిది పట్టుకొచ్చాడు. టెంపో గేటు దగ్గర నిలబడి ఉంది, పార్టీ అరుస్తున్నాడు, సంతకం పెట్టమన్నాడు. రెండువేల మీటర్లు.

"తడి మీద చూసి పాస్ చెయ్యను," అన్నాడు అంబదాసు హిందీలో. "తడి మీద ఏ రంగైనా చిక్కగనే కనపడతది. కడిగి, ఆరబెట్టి పట్రా."

సూపర్‌వైజర్ గొణుక్కుంటూ పోయాడు. ఈ మాట అంబదాసు వేలసార్లు అని ఉంటాడు. ఈసారి అన్నాక స్టూలు మీద కూర్చుండిపోయాడు. చేతిలోని గరిట నుంచి రంగు పంచె మీద కారుతున్నా చూసుకోలేదు.

సాయంత్రం భాగీరథి బియ్యం ఏరుతుండగా ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. జగ్గు, తొట్టి, ఆరుసార్లు, అబద్ధం. ఆమె చేటలోంచి తల ఎత్తలేదు.

"అంటే ఆ నల్లగున్నది ఉచ్చనా?"

"ఏమొ. కావచ్చు. కాకపోవచ్చు."

"నువ్వు తడి మీద చూసి పాస్ చేపిచ్చుకున్నవ్."

ఆమె బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"నీ కింద పనిజేసెటోడు గిట్ల చేస్తే ఏం జేస్తవ్?"

"తీయిపిస్త."

"మరి పో. పోయి చెప్పు."

"చెప్తే సంచి పెడ్తరు భాగీరథీ."

ఆమె చేట పక్కన పెట్టింది. "సంచి నేను కడుగుత. రోజు కడుగుత. నువ్వే లేకుంటె నేనేం కడగాలె?"

"గుళ్లె…"

"గుళ్లె సంగతి గుళ్లె జూద్దం. మార్కండేయుడు కూడ బతుకు కోసమే గదా శివున్ని పట్టుకున్నది. సంచి ఉన్నదా అని అడిగిండా ఎవడన్న?"

మర్నాడు ఆమె కూడా పనికి నాగా పెట్టి ఆస్పత్రికి వచ్చింది. దారిలో తిరిగి వెళ్లిపోతాడేమోనని ఆమె అనుమానం. అది నిజమే, ఉధనా దర్వాజా దగ్గర ఆయన బస్సు దిగబోయాడు. ఆమె చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

డాక్టర్ వశీ గదిలో ఆ ఫిల్ము ఇంకా వెలుగు పెట్టెకే ఉంది. అంబదాసు చెప్పడం పూర్తయ్యేసరికి రామలింగేశ్వరరావు మొహం పాలిపోయింది.

"నేను జగ్గు ఖాళీగా ఉండటం చూశానండీ," అన్నాడు. "తాగారనుకున్నాను."

డాక్టరు లేచి ఫిల్ము తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. "ఇది చూపించి నిన్న ఇంకో ఇద్దరికి ఈ పరీక్ష రాశాను," అంది. "ఎందుకు చేశారిలా?"

"రంగు కట్టకముందు నీళ్లు తగలొద్దు గద మేడం. మా పనిల గంతే. కారిపోతదని భయమైంది."

ఆమె కాసేపు ఆయన గోళ్ల వైపు చూసింది. గోళ్ల అంచుల్లో ఆకుపచ్చ ఇంకా పోలేదు.

"మేం అంటించిన రంగులో కొంత ఊడిపోతుంది. ఊడిపోయింది మూత్రంలోకి వస్తుంది. అది నాకు అక్కర్లేదు. అందుకే నీళ్లు తాగమన్నది."

"కడిగినంక మిగిలిందే రంగు," అన్నాడు అంబదాసు నెమ్మదిగా.

"అవును."

"మల్ల తియ్యుర్రి మేడం."

శుక్రవారం మళ్లీ తీశారు. ఈసారి జగ్గు పక్కన భాగీరథి కూర్చుంది. మూడు జగ్గులు తాగించింది. ఫోటోకి ముందు నర్సు గొట్టం వేసి మూత్రాశయాన్ని సెలైన్‌తో మూడుసార్లు కడిగింది. ప్లాస్టిక్ డబ్బాలోకి దిగుతున్న నీటిని అంబదాసు తల ఎత్తి చూశాడు. మొదటి కడుగు పసుపు. రెండోది లేత పసుపు. మూడోది నీళ్లే. మూడు కడుగులకు మిగలనిది రంగు కాదని ఆయన ఎందరికో చెప్పి ఉన్నాడు.

ఫిల్ము వచ్చింది. డాక్టర్ వశీ చెప్పేలోగానే ఆయన చూసేశాడు. లేత రంగుల తేడా పట్టడం ఆయన వృత్తి. పైన కాలేయం, ప్లీహం మునుపటిలాగే నల్లగా ఉన్నాయి. కింద ఏమీ లేదు. ఎడమవైపు ఒక మరక ఉన్నట్టు అనిపించింది. ఇంకాస్త చూశాక, అది తన కోరికే తప్ప మరక కాదని తెలిసింది.

"అవి రాలేదు," అన్నాడు.

"కొన్ని వచ్చి ఉండొచ్చు," అంది డాక్టరు. "కొద్దిగా వస్తే ఈ కెమెరాకు అందదు. దీని చూపు అంత గొప్పది కాదు. ఇది ఒక్కటే చూసి నేను నిర్ణయం చెప్పను. కానీ ఇంకో ఆరు వారాలు ఆగమని సర్జన్‌ని అడగడానికి నా దగ్గర ఇప్పుడు కారణం లేదు."

అంబదాసు ఫిల్ము మీంచి కళ్లు తిప్పకుండా అడిగాడు. "మీరైతె ఏం జేస్తరు మేడం?"

"నేనైతే చాలా భయపడతాను," అంది ఆమె. "భయపడుతూనే ఆపరేషన్ చేయించుకుంటాను."

రావు వాళ్లను గేటు దాకా దిగబెట్టాడు. ఆటో పిలిచాడు. ఎక్కేముందు అంబదాసు చేయి పట్టుకుని, "నా తప్పు కూడా ఉందండీ," అన్నాడు. అంబదాసు తల అడ్డంగా ఊపాడు. "మీరు సాఫ్‌గనే చెప్పిన్రు సార్. నేనే మాస్టర్నయిన."

ఆపరేషన్ ఆగస్టు ఏడున. అప్పటికి నూలు పున్నమికి ఇంకా మూడు వారాలు ఉంటుంది. గుడి కమిటీ మనిషి ఇంటికొచ్చి, ఈసారికి పసుపు పని ఎవరికి చెప్పమంటావని అడిగాడు. ఆ ప్రశ్నలో 'ఈసారికి' అన్న మాట ఎంతవరకు నిజమో అంబదాసుకు అర్థం కాలేదు. కనకయ్య పేరు చెప్పాడు. "నాకేమొస్తది బావా, మరకలు పడ్తయి," అన్నాడు కనకయ్య. మొదటిసారి అతని గొంతులో ఎకసెక్కం లేదు. ఆ పూట పెరట్లో బకెట్టు ముందు కూర్చోబెట్టి, పసుపు ఎంత, నీళ్లు ఎన్ని, నూలు ఎన్నిసార్లు తిప్పాలో అంబదాసు నేర్పాడు. కనకయ్యకు రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ నూలు ఉతికించి మళ్లీ ముంచమన్నాడు.

ముందురోజు మధ్యాహ్నం ఆస్పత్రిలో చేరారు. ఒక నర్సు వచ్చి ఆయన్ని కూర్చోమంది, నిలబడమంది, వంగమంది. పంచె ఎక్కడ కట్టుకుంటారని అడిగింది. చర్మం మడత పడని చోటు వెతికి, బొడ్డుకు కుడివైపు కిందగా, ఊదా రంగు మందుతో రూపాయి బిళ్లంత గుండ్రటి గుర్తు పెట్టింది. రేపు రంధ్రం చేసే చోటు అదే. పొద్దున సబ్బుతో స్నానం చేయమని, గుర్తు మాత్రం పోనివ్వొద్దని చెప్పి పోయింది.

అంబదాసు ఆ గుర్తును వేలితో తాకాడు. ఆ రంగు ఆయనకు తెలుసు. మిల్లులో దాని అన్నదమ్ముల్లాంటి రంగులు డ్రమ్ముల్లో ఉంటాయి. చేతికి అంటితే వారం పోదు. అయినా మనిషి చర్మం మీద, సబ్బుతో, వేణ్నీళ్లతో ఎంత నిలుస్తుందో చెప్పలేం. పోతే నర్సు మళ్లీ పెడుతుంది. ఆ సంగతి తెలిసీ ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున ఆరింటికి వార్డు స్నానాల గదిలోకి పోయాడు. భాగీరథి తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడింది. లోపల చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ మొదలైంది. మూడోసారి కూడా మొదలై ఆగాక, ఆమె తలుపు మీద వేళ్లతో కొట్టింది.

"ఇంకెంతసేపయ్యా? స్ట్రెచరోళ్లు వచ్చిన్రు."

గడియ తీసిన చప్పుడైంది. అంబదాసు తడి పంచెతో గుమ్మంలో నిలబడ్డాడు. కుడిచెయ్యి పొట్ట మీదే ఉంది. రుద్ది రుద్ది చర్మం కందిపోయింది.

"పోయిందా?" అంది ఆమె.

ఆయన చెయ్యి తీసి చూపించాడు.

"మూడుసార్లు కడిగిన. పోలే."